పూజలో పెట్టిన తాళం

కోదాడ,
6 ఆగస్టు 2012

ప్రవళికకు,

ఇక్కడ మీ అన్నయ్య బాగున్నారు, నేను మాత్రం బాగా లేను. ఒళ్ళు మండిపోతూ ఉంది. ఫోన్ చేద్దామంటే నీకు నచ్చని మాట రాగానే "వదినా, గిరాకీ వచ్చిండ్రు" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. ఇన్నేళ్ళూ డిజైన్ల పెన్‌డ్రైవ్ బస్సులో పంపినప్పుడల్లా చుట్టూ కాగితం చుట్టి నాలుగు మాటలు రాయడం నాకు అలవాటే కదా. ఈసారి పెన్‌డ్రైవ్ లేదు, కాగితం ఒక్కటే.

నిన్న ఇక్కడ ఒక పెళ్ళికి వెళ్ళాను. నా ముందు కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుంది. ఆమె జాకెట్ వీపు మీద నా తంగేడు గుత్తి ఉంది. అవునమ్మా, నాదే. కింది ఆకు ఎడమకు మడతపడి ఉంటుంది చూడు, అది గీస్తుంటే మౌస్ జారి అలా పడింది, బాగుందని ఉంచేశాను. ఆ మడత ఇంకెవరికి వస్తుంది? బతుకమ్మ పండుగకు తీద్దాం అని నువ్వే అన్నావు. మన దుకాణంలో ఇంతవరకు ఒక్కరికి కూడా కుట్టలేదు. మరి ఆమె వీపు మీదికి ఎలా ఎక్కింది? అడిగితే మిర్యాలగూడలో కుట్టించానంది. అక్షింతలు వేయకుండానే ఇంటికి వచ్చేశాను.

నీ దుకాణంలో కంప్యూటర్ ముందు ఎవరు పడితే వాళ్ళు కూర్చుంటారు. నాకు తెలుసు, నా కళ్ళతో చూశాను. మీ బావగారు దశరథ గారు వచ్చి తన పొట్టేలు ఫోటోలు చూసుకుంటారు. పక్క దుకాణం వాళ్ళు పాటలు ఎక్కించుకుంటారు. అది కంప్యూటరా, బస్టాండులో బెంచీనా? మార్చిలో నా డిజైన్లన్నీ వేసి పంపిన పెన్‌డ్రైవ్, పసుపు దారం కట్టింది, అదీ నాకు తిరిగి రాలేదు. ఎన్నిసార్లు అడిగాను?

నా సంగతి నీకు తెలియనిది కాదు. కుడి చేతి మణికట్టు నరం పాడైంది, ఇక మౌస్ పట్టవద్దని డాక్టర్ కచ్చితంగా చెప్పాడు. అన్నం కలుపుకోవడానికే చెయ్యి లాగుతుంది, ఈ కాగితం కూడా ఆగి ఆగి రాస్తున్నాను. మా ఇంట్లో కంప్యూటర్ ఎండాకాలం కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి కాలిపోయింది. అంటే నేను గీసినవన్నీ ఇప్పుడు నీ దుకాణంలో ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. అవి పోతే మళ్ళీ గీయడానికి నాకు చెయ్యి లేదు. ఇది మీ ఇంట్లో ఎవరికైనా అర్థమవుతుందా?

రెండు పనులు చెయ్యి. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టు, మీ ఇంట్లో ఎవరికీ తట్టని మాట పెట్టు. రెండోది, ఒక హార్డ్‌డిస్క్ కొని అన్నీ అందులోకి ఎక్కించి నాకు పంపు. కాపీ ఎప్పుడూ దుకాణంలో ఉండకూడదు, వేరే ఊళ్ళో ఉండాలి. రేపే చెయ్యి.

ఇట్లు, కోపంతో,
కౌసల్య

*

సూర్యాపేట,
13 ఆగస్టు 2012

వదినకు నమస్తే.

నీ ఉత్తరం అందింది. చదువుతూ చదువుతూ మిషన్ ఆపేశాను. భయంతో అనుకునేవు, కాదు. ఇంత మాట ఎట్లా అన్నావు వదినా? మా దుకాణం బస్టాండ్ బెంచీనా? పొద్దున షట్టర్ లేపింది మొదలు దించేదాకా ఆ మిషన్ మోత నా చెవుల్లోనే ఉంటుంది. దారం తెగితే ఎక్కించేది నేను, కరెంటు పోతే గిరాకీతో తిట్లు తినేది నేను. నువ్వు కోదాడలో కూర్చుని కాగితం మీద తిడతావు.

సరే, పాస్‌వర్డ్ పెట్టమన్నావు, పెట్టాను. ఇగ విను ఏమైందో. మరునాడు మా బావ తుంగతుర్తి నుంచి గొర్లను చూసుకొని వచ్చి, చాయ్ తాగి, ఎప్పటిలాగే పొట్టేలు ఫోటో చూద్దామని కూర్చున్నాడు. కంప్యూటర్ తెరుచుకోలేదు. "ఏందిది ప్రవళికా?" అన్నాడు. తాళం వేశాను బావా అన్నాను. ఆయన ముఖం చూడాల్సింది నువ్వు. "నా గొర్ల దొడ్డికే తాళం లేదు. నా తమ్ముని దుకాణంల గీ డబ్బకు తాళమా? నేనేమన్న దొంగనా?" అని చాయ్ గ్లాసు అట్లనే పెట్టి లేచి పోయాడు. ఇంటికి పోతే అత్తమ్మ అన్నం పెట్టకుండా కూర్చుంది. "గా కోదాడామె చెప్పిందా నీకు? మా ఇంట్ల మనుషులకు మనుషులే తాళం వేసుకునుడు ఎన్నడన్న ఉన్నదా?" అంది. మా ఆయన నగేష్ సంగతి నీకు తెలుసు, అమ్మ మాట్లాడితే గోడ దిక్కు చూస్తాడు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అనుకున్నాను, రాస్తున్నాను. పాస్‌వర్డ్ ఏం పెట్టాలో తోచక మా ఇంటి దేవుడు లింగమంతుల స్వామి పేరు పెట్టాను. మూడో రోజు బావ మళ్ళీ వచ్చి, కండ్లు మూసుకొని స్వామిని తలుచుకొని ఆయన పేరే కొట్టాడు. తెరుచుకుంది. "దేవుడే తెరిచిండు, సూడు. నాది తప్పు అయితే తెరుస్తడా?" అని ఇప్పుడు ఊరంతా చెప్తున్నాడు. ఇంట్లో నా పరువు ఖతం అయింది, నీ పుణ్యమా అని.

హార్డ్‌డిస్క్ కూడా కొన్నాను. అన్నీ ఎక్కించాను. కానీ నీకు పంపను. తప్పు మా దగ్గరే జరిగిందని నువ్వు ఒక్కదానివే తీర్పు చెప్పేస్తే ఎట్లా? మా యుగంధర్ అన్న దోస్తులు మీ ఇంట్లో పొద్దంతా కూర్చుని క్యారమ్స్ ఆడుతారు. మీ కంప్యూటర్ కాలిపోక ముందు వాళ్ళలో ఎవరు ఏం ఎక్కించుకుపోయారో నీకు తెలుసా? నేను అడిగానా? డిస్క్ మా ఇంట్లో, నా బీరువాలో, పట్టుచీరల నడుమ పెట్టాను. దుకాణంలో ఉండొద్దన్నావు, దుకాణంలో లేదు. చాలదా?

పిల్లాడికి జ్వరం తగ్గిందా? అది రాయలేదు నువ్వు. కోపంలో కన్నకొడుకు కూడా గుర్తుండడు నీకు.

ప్రవళిక

*

కోదాడ,
20 ఆగస్టు 2012

ప్రవళికా,

జ్వరం తగ్గింది. స్కూలుకు పోతున్నాడు. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

దుకాణం బోర్డు మీద గజం పొడుగు అక్షరాలతో 'శ్రీ లింగమంతుల కంప్యూటర్ ఎంబ్రాయిడరీ' అని రాయించుకున్నారు. దాని మీద రంగు బల్బులు కూడా వేయించారు. అదే మాట లోపల పాస్‌వర్డ్‌గా పెట్టావా? తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టుంది. మీ బావగారికి దేవుడు తెరిచాడట! ఏమిటమ్మా ఇది, ఉత్తరం చదివి మీ అన్నయ్య పడి పడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన మీద కూడా అరిచాను.

బోర్డు మాట వచ్చింది కనుక అంటున్నాను. దాని మీద దేవుడి పేరు ఉంది, కింద 'ప్రొ. ప్రవళిక' అని నీ పేరు ఉంది. గీసింది ఎవరో ఎక్కడా లేదు. నేను ఎన్నడూ అడగలేదు. గిరాకీ వాళ్ళు "ప్రవళిక డిజైన్ చాలా బాగుంటదమ్మా" అని నా ముందే అంటుంటే తల ఊపాను. ఇంట్లో మనిషే కదా అనుకున్నాను. ఇప్పుడు మిర్యాలగూడలో ఎవరో వాటిని తమవని చెప్పి కుట్టి అమ్ముకుంటున్నారు. మీవాళ్ళూ పైవాళ్ళూ కలిసి నన్ను లేనిదాన్ని చేశారు.

మా ఇంటికి వచ్చేవాళ్ళు క్యారమ్స్ ఆడతారు, నిజమే. వాళ్ళకు జాకెట్ డిజైన్లతో ఏం పని? గీత గీస్తే ముగ్గో మిషన్ కుట్టో తెలియని మనుషులు. మీ దుకాణానికి వచ్చేవాళ్ళకే పని. తంగేడు గుత్తి మిర్యాలగూడకు నడిచి పోలేదు. ఆ పొట్టేలు ఫోటోల వంకతో ఎవరు ఏం పట్టుకుపోతున్నారో ఒక్కసారన్నా చూశావా?

డిస్క్ పంపు. అది నాది.

కౌసల్య

*

సూర్యాపేట,
12 సెప్టెంబరు 2012

వదినకు,

జవాబు రాయొద్దనే అనుకున్నాను. మా బావను దొంగ అన్నావు. నేరుగా అనలేదు కానీ అన్నావు. ఆయన నీ పెళ్ళికి వచ్చి, వానలో తడుసుకుంటూ వంటపాత్రలు మోసిన మనిషి. ఉత్తరం నేను చింపేసేలోపు అత్తమ్మ మా పాపతో చదివించుకుంది. పాప అక్షరం అక్షరం కూడబలుక్కొని మొత్తం చదివింది. ఇగ నువ్వే ఆలోచించుకో.

పాస్‌వర్డ్ మార్చాను, పాప పేరు ప్రశాంతి అని పెట్టాను. ఇది కూడా ఇంట్లో వాళ్ళకు తెలిసింది, ఎందుకంటే పాప చెప్పింది. నేనేం చేయను? నేను మిషన్ దగ్గర ఉంటే ఫోన్ ఎత్తేది వాళ్ళు, గిరాకీకి డిజైన్ చూపెట్టేది వాళ్ళు. తాళం వేసుకొని దుకాణం నడపాలంటే నీలాగా ఒంటరిగా కూర్చోవాలి.

డిస్క్ బీరువాలోనే ఉంది. పంపను. దసరాకు వస్తే నువ్వే చూసుకో. వస్తావా రావా నీ ఇష్టం.

ప్రవళిక

*

సూర్యాపేట,
26 అక్టోబరు 2012

వదినా,

ఇది ఎట్లా మొదలు పెట్టాలో తెలియడం లేదు. దుకాణంలో దొంగలు పడ్డారు. కంప్యూటర్ పోయింది. హార్డ్‌డిస్క్ కూడా పోయింది. అన్నీ పోయాయి. నాకు ఎవరిని కొట్టాలో అర్థం కావడం లేదు, నన్ను నేనే కొట్టుకోవాలా, దేవుడి ముందు కూర్చొని ఏడవాలా.

బీరువాలో ఉన్న డిస్క్ దుకాణానికి ఎట్లా వచ్చిందని అడుగుతావు. ఆయుధపూజకు వచ్చింది. మిషన్‌ను కడిగి తుడిచాం, కత్తెరలు, సూదులు, దారాల డబ్బా అన్నీ వరసగా పెట్టాం. బావ గొర్ల బొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చాడు. కంప్యూటర్‌కు పసుపు బొట్టు పెట్టి బంతిపూల దండ వేశాను. అప్పుడు అత్తమ్మ అడిగింది, "బీరువల దాసినవ్ గదా, గా డబ్బ ఏది? అది గూడ మనకు బువ్వ పెట్టేదే గదా. దాన్ని ఒక్కదాన్నే ఇంట్ల ఇడిసిపెడితే అమ్మవారికి కోపం రాదా?" అని. నాకూ నిజమే అనిపించింది. అన్ని పనిముట్లకూ పూజ చేసి దాన్ని వదిలేస్తే ఎట్లా? తెచ్చి కంప్యూటర్ పక్కనే పెట్టాను. దానికీ బొట్టు పెట్టాను.

ఇంకా ఉంది. బావ షట్టర్ తాళం తీసి తెచ్చాడు. "ఏడాది పొడుగూత దుకాణాన్ని కాసేది ఇదే, దీనికి బొట్టు పెట్టకపోతె ఎట్ల?" అన్నాడు. అదీ పూజలో పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. పూజలో పెట్టినవి జమ్మికి పోయి వచ్చేదాకా కదిలించొద్దు కదా వదినా, మీ వైపు కూడా అంతే కదా? అందుకే షట్టర్‌కు తాళం వేయలేదు. కిందికి గుంజి వదిలేశాం. మా ఆయన ఒక్కడే, "ఇంకో తాళం కొనుక్కొస్త" అన్నాడు. బావ వద్దన్నాడు. "అమ్మవారు లోపల కూసున్నది. ఎవడొస్తడు?" అన్నాడు.

దసరా సాయంత్రం ఊరంతా జమ్మి దగ్గర ఉంది. మేమూ ఉన్నాం. వచ్చేసరికి షట్టర్ సగం లేచి ఉంది. మిషన్ బరువు కాబట్టి ముట్టుకోలేదు. కత్తెరలు ఉన్నాయి, కొబ్బరి చిప్పలు ఉన్నాయి. కంప్యూటర్ దండతో సహా పోయింది, డిస్క్ పోయింది. తాళం మాత్రం బొట్టుతో అక్కడే ఉంది. పోలీసులు వచ్చి, "తాళం పగలగొట్టిండ్రా?" అని అడిగారు. "లేదు సార్, తాళం పూజల ఉండె" అని బావ చెప్పాడు. రాసుకునే ఆయన పెన్ను పక్కన పెట్టి నవ్వాడు వదినా. మా ముందే నవ్వాడు. బావ అప్పటి నుంచి అన్నం ముట్టలేదు.

మిషన్‌లో చివరగా ఎక్కించిన అంచు ఒక్కటే మిగిలింది. కార్తీకంలో పెళ్ళిళ్ళు ఉన్నాయి. ఏం పెట్టి కుట్టాలి?

నువ్వు తిడతావని తెలుసు. కానీ ఒక్క మాట. ఆ డిస్క్ గురించి నువ్వు అంత గొడవ చేయకపోతే, అది అంత విలువైందని అత్తమ్మకు ఎట్లా తెలిసేది? పూజకు తెమ్మని ఎందుకు అనేది?

ప్రతి ఏడూ పంపినట్టే జమ్మి ఆకు పెట్టి పంపుతున్నాను. తీసుకుంటే తీసుకో.

ప్రవళిక

*

కోదాడ,
30 అక్టోబరు 2012

ప్రవళికా,

నీ జమ్మి ఆకు పొయ్యిలో వేద్దామని పొయ్యి దాకా తీసుకెళ్ళాను. మీ అన్నయ్య చేతిలోంచి లాక్కున్నారు.

చివరికి తప్పు నాదే అయింది కదా? నేను జాగ్రత్త చెప్పాను కాబట్టి పోయిందా? కాపీ వేరే ఊళ్ళో ఉండాలి అన్నాను. వేరే ఊళ్ళో! అంటే ఏమిటి? ఒక చోట పోతే ఇంకో చోట మిగలాలని. మీరేం చేశారు? రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి, దండ వేసి, తాళం తీసి, దొంగకు దారి చూపించి, ఇంటిల్లిపాదీ జమ్మికి పోయారు. హారతి ఒక్కటే తక్కువైంది వాడికి. బీరువాలో ఉన్నదానికి బీరువాలోనే ఇంత బొట్టు పెడితే అమ్మవారు వద్దనేదా? పూజ చేయవద్దని ఎవరన్నారు? నేనూ ఇక్కడ నా కుట్టుమిషన్‌కు చేశాను. ఇంటి తాళం గొళ్ళేనికి ఉండగానే దానికి బొట్టు పెట్టాను, ఊడబీకి దేవుడి ముందు పెట్టలేదు.

ఆరేళ్ళు ప్రవళికా. మునగాల దారిలో బస్సు కిటికీలోంచి చూసిన తంగేడు, మా అమ్మ వాకిట్లో వేసే మెలిక ముగ్గు, పిల్లాడు పడుకున్నాక ఒక్కొక్క కుట్టూ లెక్క చూసుకొని దిద్దిన అంచులు. నువ్వు "పోయాయి" అని ఒక్క మాట రాశావు. పోయింది నీ కంప్యూటర్. పోయింది నా చెయ్యి. కంప్యూటర్ ఇంకోటి కొంటావు, నా చెయ్యి ఏ దుకాణంలో కొంటావు?

మీ బావగారిని అన్నం తినమను. ఆయన దొంగ కాడని ఇప్పుడు తెలిసింది. దొంగకు అంత తెలివితక్కువతనం ఉండదు.

నాకు ఇక ఉత్తరం రాయకు.

కౌసల్య

*

కోదాడ,
19 నవంబరు 2012

ప్రవళికకు,

రాయకు అన్నదాన్ని నేనే రాస్తున్నాను. దీనితో పాటు ఒక చిన్న పెట్టె వస్తుంది, మీ అన్నయ్య స్వయంగా బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చారు. పెట్టె విప్పే ముందు ఇది చదువు.

మొన్న మిర్యాలగూడ వెళ్ళాను. ఆ పెళ్ళిలో నా ముందు కూర్చున్న ఆవిడ అక్కడే కుట్టించానంది కదా, నా డిజైన్లు దొంగిలించినవాళ్ళను జుట్టు పట్టుకొని బజారుకీడుద్దామనే వెళ్ళాను. మీ అన్నయ్య వస్తానంటే వద్దన్నాను. రైల్వే స్టేషన్ దగ్గర దిగి, కనబడ్డ ప్రతి టైలర్ దుకాణంలోకీ తొంగి చూస్తూ నడిచాను. ధాన్యం లారీల దుమ్ముతో గొంతు పట్టేసింది. ఒక సందు మొదట్లో చిన్న గది ముందు నా తంగేడు గుత్తి వేలాడుతూ ఉంది. కింది ఆకు ఎడమకు మడతపడి ఉంది.

లోపలికి పోయి "ఎవరే నువ్వు?" అని అరిచాను. మిషన్ ముందున్న పిల్ల లేచి నిలబడింది. నీలా. నీ దగ్గర మూడేళ్ళు పనిచేసి, మేలో పెళ్ళి చేసుకొని వెళ్ళిపోయిన నీలా. నన్ను చూసి భయపడలేదు సరికదా, "అక్కా, వచ్చినవా! ఎన్ని దినాల నుంచి ఎదురు సూస్తున్న!" అని నా చెయ్యి పట్టుకుంది.

"నా డిజైన్లు నీకెక్కడివి?" అన్నాను. ఆ పిల్ల ఆశ్చర్యపోయి, "ప్రవళికక్క నా ఒడిల పోసింది గదా! నీకు జెప్పలేదా?" అంది. దేవుడి గూట్లో నుంచి నా పెన్‌డ్రైవ్ తీసి చూపించింది. పసుపు దారం కూడా అలాగే ఉంది.

తల్లి లేని పిల్ల అని దానికి నువ్వు ఒడిబియ్యం పోశావట. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, రవిక బట్ట. ఆ రవిక బట్టలో చుట్టి నా పెన్‌డ్రైవ్ పెట్టి, "గీటితోని బతుకు బిడ్డా" అన్నావట. ఎంత గొప్పదానివమ్మా! ఎవరి సొమ్ము ఎవరి ఒడిలో పోశావు? నేను పెన్‌డ్రైవ్ ఏదని అడిగితే ఒక్క ముక్క చెప్పలేదు. నేను మీ బావగారిని అంటుంటే విన్నావు. మీ అన్నయ్య స్నేహితులను నువ్వే అన్నావు. అన్నీ తెలిసి!

ఇంకోటి కూడా విను. నేను పంపినప్పుడు దానిలో ఫోల్డర్ పేరు 'కౌసల్య'. నీ దుకాణంలోకి ఎక్కించుకొని దాన్ని 'షాప్' అని మార్చావు. ఆ పిల్ల మార్చలేదు. నేను అక్కడ కూర్చుని ఉండగానే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, "కౌసల్య డిజైన్లు సూపియ్యమ్మా" అని అడిగారు. వాళ్ళకు నేనెవరో తెలియదు. నీలా నా వైపు చూపించి, "గీమెనే కౌసల్యక్క" అంది. వాళ్ళు లేచి నిలబడ్డారు ప్రవళికా. చాయ్ తాగుతూ అక్కడే ఏడ్చేశాను. నా చెయ్యి చూసి ఆ పిల్ల కూడా ఏడ్చింది. దాని మొగుడు గేమ్యా, మిల్లు లారీ నడుపుతాడట, ఏమైందో తెలియక బయట నిలబడ్డాడు.

అడగగానే అన్నీ ఇచ్చింది. మార్చి తర్వాత నేను కొత్తవి గీయనే లేదు కనుక ఒక్కటి కూడా పోలేదు. నువ్వు నాకు చెప్పకుండా పంచినవే నాకు మిగిలాయి. దానికి నిన్ను మెచ్చుకోవాలా? మెచ్చుకోను. నా కోపం తగ్గలేదు.

ఇక మీదట ఒక కాపీ కోదాడలో నా దగ్గర, ఒకటి మిర్యాలగూడలో నీలా దగ్గర, ఒకటి నీ దగ్గర. నీది ఈ పెట్టెలో ఉంది. మూడు ఊళ్ళూ ఒకేసారి పూజ చేసినా ఒకచోట చేరవు. నీ కాపీలో ఫైళ్ళన్నీ నీలా కంప్యూటర్ మీద ఒక్క కట్టగా చేయించి దానికి నేనే పాస్‌వర్డ్ పెట్టాను. ఏమిటో రాయను. మీ ఇంట్లో ఎవరికీ తట్టని మాట. కనుక్కోండి.

కౌసల్య

*

సూర్యాపేట,
3 డిసెంబరు 2012

వదినా,

అవును, పోశాను. నీలా ఒడిలో నీ డిజైన్లు పోశాను. మళ్ళీ పోయమన్నా పోస్తాను. మూడేళ్ళు నా మిషన్ ముందు వేళ్ళకు సూదులు గుచ్చుకొని పనిచేసిన పిల్ల. అత్తగారింటికి ఉత్త చేతులతో పోతుంటే నాకు ఇంకేం తోచలేదు. మా అమ్మ చచ్చిపోయాక నా ఒడి నింపింది ఎవరు? నువ్వే కదా. నీ మెడలో గొలుసు తీసి బియ్యంలో వేసి, మా అన్నకు కూడా చెప్పకుండా నాకు పోశావు. అది చూసే నేర్చుకున్నాను. ఒడి నింపేటప్పుడు ఎవరి సొమ్మని అడుగుతారా? నీ నుంచి నాకు వచ్చిందే అనుకొని ఇచ్చాను.

చెప్పలేదు, నిజమే. నువ్వు మొదటి ఉత్తరంలోనే దొంగ దొంగ అని మొదలు పెట్టావు. నీలా పేరు చెబితే నువ్వు పోయి దాని దుకాణం మూసేస్తావని భయపడ్డాను. నీ కోపం నాకు తెలియదా? మా బావను నీతో అనిపించాను, అది మాత్రం నాకు నిద్ర పట్టనీయడం లేదు. ఆయన కాళ్ళకు మొక్కాను. "పోనీ బిడ్డా, పొట్టేలు ఫోటోలు పోయినయి, గదే బాధ" అన్నాడు.

ఇప్పుడు నువ్వు చేసింది చూడు. కొత్త కంప్యూటర్ తెచ్చాం. డిస్క్ పెట్టాం. పాస్‌వర్డ్ అడుగుతుంది. పెళ్ళివాళ్ళు రోజూ వచ్చి కూర్చుంటున్నారు, ఇది నీకు ఆటా? ఇంటిల్లిపాదీ కొట్టి చూశాం. లింగమంతుల స్వామి పేరు కొట్టాం, కాలేదు. ప్రశాంతి పేరు, నీ కొడుకు పేరు, అన్న పేరు, మా అమ్మ పేరు, కోదాడ, సూర్యాపేట, తంగేడు, బతుకమ్మ, దుకాణం పేరు, ఏదీ కాలేదు. బావ తన పొట్టేలు పేరు కూడా కొట్టాడు. అత్తమ్మ నా పక్కన కూర్చొని, "గా కోదాడామె మనసుల ఏమున్నదో ఎవలకు ఎరుక? మీ వదినెను అడుగరాదా?" అంటుంది. మా ఆయన తల గోక్కున్నాడు.

ఇగ చాలు వదినా. పరేషాన్ చేసింది చాలు. నన్ను తిట్టు, కొట్టు, ఇంటికి రావద్దను. కానీ ఆ మాట ఏందో చెప్పు. ఏం పెట్టినవ్?

ప్రవళిక

*

కోదాడ,
7 డిసెంబరు 2012

ప్రవళికకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గొలుసు సంగతి నువ్వు మరిచిపోయావనుకున్నాను. అది చదివాక కోపం కొంచెం తగ్గిన మాట నిజం. మీ బావగారికి నా తరఫున చెప్పు, తప్పుగా అన్నాను. సంక్రాంతి దాటాక ఆయన పొట్టేలును నేనే వచ్చి ఫోటో తీసి, మూడు ఊళ్ళలోనూ దాచిపెడతాను.

కానీ మిగిలిన కోపం అలాగే ఉంది. ఎందుకుందో చెబుతాను.

మీరు దేవుడి పేరు కొట్టారు. పిల్లల పేర్లు కొట్టారు. చనిపోయినవాళ్ళ పేరు కొట్టారు, ఊళ్ళ పేర్లు, పువ్వుల పేర్లు కొట్టారు. పొట్టేలు పేరు కూడా కొట్టారు. మీ అత్తమ్మ నన్ను కోదాడామె అంటుంది. మీ బావగారు యుగంధర్ భార్య అంటారు. నువ్వు వదినా అంటావు. వదినా అని పిలవడం తప్పని కాదు. పెళ్ళయి పదేళ్ళు, మీ దుకాణంలో ఆరేళ్ళు నా బొమ్మలే కుట్టారు. అవి గీసినదాని పేరు ఏమిటో కొట్టి చూద్దామని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు. మీ ఇంట్లో ఇంతకంటే భద్రమైన మాట నాకు దొరకలేదు.

అన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాలు. మధ్యలో ఖాళీ వదలకు. కొట్టు.

కౌసల్య